సక్కర్‌మౌత్ కవచ క్యాట్‌ఫిష్: జీవ లక్షణాలు, ఆవాసం, చెరువుల యాజమాన్యంలో వాటి ప్రాధాన్యం

సారాంశం

దక్షిణ అమెరికా మంచినీటి నదులకు చెందిన టెరిగోప్లిక్తిస్ ప్రజాతి చేపలు అక్వేరియం వ్యాపారం ద్వారా అనేక ఉష్ణమండల దేశాలకు వ్యాపించి, ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల చెరువులలోను, కాలువలలోను కనిపిస్తున్నాయి. రైతులు వీటిని దెయ్యం చేపలని, సక్కర్ చేపలని పిలుస్తున్నారు. ఈ వ్యాసంలో వీటి గుర్తింపు, సహజ ఆవాసం, శరీర నిర్మాణం, ఆహారం, శ్వాసక్రియ, ప్రత్యుత్పత్తి విధానాలను వివరించి, అవి చేపల సాగుకు, చెరువు గట్లకు, పోషకాల వినియోగానికి ఏ విధంగా సంబంధించినవో చర్చించడమైనది. ఏటా వరదకు, ఎండకు మధ్య మారే నదీ మైదానాలలో బ్రతకడానికి ఏర్పడిన లక్షణాలే ఈ చేపను మన చెరువులలో నిర్మూలనకు లొంగనివ్వడం లేదు. కనుక నియంత్రణ చర్యలు వేసవిలో బయటపడే బొరియల నుంచి ప్రారంభం కావలసి ఉన్నది.

కీలక పదాలు: సక్కర్ చేప, టెరిగోప్లిక్తిస్, ఆక్రమణ జాతులు, బొరియలు, చెరువు గట్టు, భాస్వరం

1. పరిచయం

చేపల శాస్త్రానికి చెందిన ఈ అంశం సస్యశాస్త్ర విభాగపు పరిధిలోనికి ఎందుకు వచ్చినదన్న సందేహం పాఠకులకు కలగవచ్చు. చెరువు మన వ్యవసాయంలో కేవలం చేపలు పెరిగే చోటు కాదు. ఆయకట్టుకు నీరిచ్చే వనరు, పొలానికి పూడిక మట్టినిచ్చే గని, పశువులకు తాగునీరు కూడా అదే. దాని గట్టు, తూము, అలుగు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే దిగువనున్న పంటకు భద్రత. గట్టులోనికి బొరియలు తవ్వే జీవి ఏదైనా, అది ఎలుక కానివ్వండి, ఎండ్రకాయ కానివ్వండి, సేద్యపు సమస్యగానే పరిగణింపబడుతుంది. సక్కర్ చేప ఆ కోవలోనికి కొత్తగా వచ్చి చేరినది.

ఈ చేపను గురించి పల్లెలలో వ్యాపించిన అభిప్రాయాలలో కొన్ని వాస్తవానికి దూరమైనవి. ఇది ఇతర చేపలను వేటాడి తినే మాంసాహారి అనే నమ్మకం వాటిలో ముఖ్యమైనది. వేటాడే చేపగా భావించి తీసుకునే జాగ్రత్తలు ఒక విధమైనవి. మడ్డిని, నాచును తిని గట్టులో గూడు కట్టే చేపగా గుర్తించి తీసుకునే జాగ్రత్తలు మరొక విధమైనవి. విస్తరణ శాస్త్రవేత్త రైతుకు ఇచ్చే సలహా సరియైనది కావాలంటే, ముందుగా ఈ చేప జీవనాన్ని సక్రమంగా అర్థం చేసుకోవలసి ఉంటుంది.

2. వర్గీకరణ, గుర్తింపు

ఈ చేపలు సిలూరిఫార్మిస్ క్రమంలోని లోరికారిడే కుటుంబానికి చెందినవి. మన వాలుగ, జెల్ల, మార్పు చేపలు కూడా ఇదే క్రమంలోనివి, అయితే అవి వేరు కుటుంబాలకు చెందినవి. లాటిన్ భాషలో 'లోరికా' అనగా యోధులు ధరించే కవచం. సుమారు 1,000 జాతులు గల ఈ కుటుంబం క్యాట్‌ఫిష్ కుటుంబాలన్నిటిలోను పెద్దది. మధ్య అమెరికాలోని కోస్టారికా మొదలుకొని దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా వరకు దీని సహజ విస్తృతి కలదు.

టెరిగోప్లిక్తిస్ ప్రజాతిలో ఆక్రమణ జాతులుగా ప్రసిద్ధి చెందినవి ముఖ్యంగా మూడు. టె. పర్డాలిస్ అమెజాన్ పరీవాహక ప్రాంతానికి, టె. డిస్‌జంక్టివస్ అమెజాన్ ఉపనదియైన మదీరాకు, టె. మల్టీరేడియేటస్ ఒరినోకో నదికి చెందినవి. పొట్ట అడుగు భాగంలోని మచ్చలు విడివిడిగా గుండ్రంగా ఉంటే పర్డాలిస్‌గాను, అవి ఒకదానితో ఒకటి కలిసి మెలికలు తిరిగిన గీతలుగా ఉంటే డిస్‌జంక్టివస్‌గాను సాధారణంగా గుర్తిస్తారు. ఆక్రమించిన ప్రాంతాలలో ఈ రెండింటికీ మధ్యస్థమైన మచ్చలు గల చేపలు తరచుగా లభిస్తాయి. అవి సంకరాలు కావచ్చు. కనుక క్షేత్రస్థాయిలో ప్రజాతిని నిర్ధారించడంతో సరిపెట్టుకొని, జాతి నిర్ధారణను ప్రయోగశాలకు వదలడం మంచిది.

క్షేత్రంలో గుర్తింపునకు పనికివచ్చే లక్షణాలు ఇవి: (అ) తల నుంచి తోక వరకు వరుసలుగా అమరిన గట్టి ఎముక పలకలు, (ఆ) తల అడుగు భాగాన గుండ్రని చూషక ముఖం, (ఇ) తెరచాపలా నిలిచే ఎత్తైన పృష్ఠ వాజం, అందులో ఒక ముల్లు, 9 నుంచి 14 వరకు మెత్తని కిరణాలు, (ఈ) ఉరో వాజాల ముందుభాగాన మందమైన గరుకు ముళ్ళు, (ఉ) చదునైన అడుగు భాగం, చిరుతపులి చర్మాన్ని పోలిన మచ్చలు. అక్వేరియం దుకాణాలలో కనిపించే దీని దగ్గరి బంధువైన హైపోస్టోమస్‌లో పృష్ఠ వాజపు మెత్తని కిరణాలు సాధారణంగా ఏడు మాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన కొండవాగులలో రాళ్ళను అంటిపెట్టుకొని జీవించే స్థానిక చేపలు కొన్ని ఉన్నాయి. గర్రా ప్రజాతి చేపలకు నోటి వెనుక చూషక బిళ్ళ ఉంటుంది గాని, శరీరం మామూలు పొలుసులతో కప్పబడి ఉంటుంది. గ్లిప్టోథొరాక్స్ ప్రజాతి క్యాట్‌ఫిష్‌లకు అంటుకొనే నిర్మాణం రొమ్ము భాగాన ఉంటుంది, చర్మం నున్నగా ఉంటుంది. ఈ రెండింటికీ ఎముక పలకల కవచం ఉండదు. సక్కర్ చేప అనుకొని వీటిని చంపడం స్థానిక జీవ వైవిధ్యానికి నష్టం.

3. సహజ ఆవాసం

అమెజాన్ మధ్యభాగంలో మనౌస్ నగరం వద్ద నది నీటిమట్టం ఏటా సుమారు 10 మీటర్ల మేర పెరిగి, మరల తగ్గుతుంది. వరద కాలంలో నది తన గట్లను దాటి అడవిలోనికి, పచ్చిక మైదానాలలోనికి విస్తరిస్తుంది. వరద తీసిన తరువాత వెనుక మిగిలినవి నిస్సారమైన మడుగులు, బురద గుంటలు. అక్కడి నీరు వేడెక్కుతుంది. కుళ్ళిన ఆకులు, గడ్డి మూలంగా నీటిలోని ప్రాణవాయువు దాదాపు అడుగంటుతుంది. మడుగులు కుంచించుకుపోయే కొద్దీ కొంగలు, మొసలి జాతి జంతువులు, పెద్ద చేపలు అక్కడ చేరతాయి.

టె. పర్డాలిస్ వంటి జాతులు ఈ మైదానాలలోనే, నెమ్మదిగా పారే నీటిలోను, మడుగులలోను జీవిస్తాయి. ఒక సంవత్సరంలోనే లోతైన ప్రవాహాన్ని, ప్రాణవాయువు లేని బురదను ఎదుర్కొనవలసిన ఈ చేపకు నాలుగు సమస్యలు ఉన్నాయి: వేటాడే జంతువుల నుంచి రక్షణ, ఎల్లప్పుడు లభించే ఆహారం, ప్రాణవాయువు లేని నీటిలో శ్వాస, హెచ్చుతగ్గుల నీటిలో గుడ్ల భద్రత. ఈ నాలుగింటికీ పరిణామం ఇచ్చిన సమాధానాలే దాని జీవ లక్షణాలు.

సొంత గడ్డపై ఈ చేప ఎవరికీ దెయ్యం కాదు. బ్రెజిల్‌లో దీనిని 'అకరి' అనియు, 'బొదో' అనియు పిలిచి ఇష్టంగా తింటారు. దీనిని కాల్చి, ఎండబెట్టి, పొడిచేసి 'పిరకుయి' అనే చేపల పిండిని తయారుచేస్తారు. వేటాడే జంతువులు, వేటగాళ్ళు, వరదల ఒడుదుడుకులు అక్కడ దాని సంఖ్యను అదుపులో ఉంచుతున్నాయి.

4. శరీర నిర్మాణం, జీవన విధానం

4.1 కవచం: పొలుసులకు బదులు చర్మంలో ఏర్పడిన ఎముక పలకలు శరీరాన్ని కప్పి ఉంచుతాయి. పృష్ఠ, ఉరో వాజాల ముళ్ళను నిటారుగా నిలిపి బిగించగల సామర్థ్యం దీనికి కలదు. అలా బిగించిన చేపను మింగడం వేటాడే జంతువుకు కష్టం, ప్రమాదకరం కూడా. ప్యూర్టోరికోలో ఈ చేపలను మింగబోయి గొంతులో ముళ్ళు చిక్కుకొని గోధుమరంగు పెలికాన్లు మరణించిన ఉదంతాలు నమోదైనవి. కొల్లేటి అటపాక వంటి చోట్ల గూడబాతులు చేపలపైనే ఆధారపడి జీవిస్తున్న దృష్ట్యా ఇది మనకు పట్టించుకోదగిన విషయం.

4.2 చూషక ముఖం, ఆహారం: పెదవులు పళ్ళెం ఆకారంలో విస్తరించి, రాయిపైనో మొద్దుపైనో గట్టిగా అతుక్కొంటాయి. నోరు అతుక్కొని ఉండగానే పక్కలనున్న సన్నని సందుల గుండా నీటిని లోనికి తీసుకొని మొప్పల మీదుగా పంపగలదు. దవడలపై వరుసగా అమరిన సన్నని, కొన రెండుగా చీలిన పళ్ళతో నాచును, దానిని అంటిపెట్టుకొన్న సూక్ష్మజీవుల పొరను గీకి తింటుంది. చెరువు అడుగున పేరుకొన్న సేంద్రియ మడ్డి దీని మరొక ప్రధాన ఆహారం. ఇటువంటి ఆహారంలో సారం తక్కువ. అందువల్ల పేగు శరీరపు పొడవుకు అనేక రెట్లు పెరిగి, గడియారపు స్ప్రింగు వలె చుట్టలు చుట్టుకొని ఉంటుంది.

కనుక ఇది వేటాడే చేప కాదు. అడుగున అంటుకొని ఉన్న ఇతర చేపల గుడ్లు గీకుడులో భాగంగా లోనికి పోవచ్చు గాని, బొచ్చె, శీలావతి పిల్లలను తరిమి పట్టే నోరు గాని, పళ్ళు గాని దీనికి లేవు.

4.3 శ్వాసక్రియ: నీటిలో ప్రాణవాయువు సరిపడినంత ఉన్నప్పుడు ఇతర చేపల వలెనే మొప్పలతో శ్వాసిస్తుంది. అది తగ్గినప్పుడు నీటి పైకి వచ్చి గాలిని మ్రింగుతుంది. పలుచని గోడలు, దట్టమైన రక్తనాళాలు గల దీని జఠరం ఊపిరితిత్తి వలె పనిచేసి ఆ గాలిలోని ప్రాణవాయువును గ్రహిస్తుంది. జీర్ణక్రియ భారమంతా పొడవైన పేగుపైనే ఉండడం వలన జఠరం ఈ పనికి ఖాళీగా దొరికినది. శరీరం తడిగా ఉన్నంతవరకు నీటి వెలుపల గంటల తరబడి జీవించగలగడం దీని ఫలితమే. వలలో పడిన చేపను గట్టుపై పారవేసి చచ్చినదనుకోవడం ఎందుకు పొరపాటో దీనిని బట్టి తెలుస్తుంది.

ఉప్పదనాన్ని కూడా ఇది కొంతవరకు సహిస్తుంది. లీటరుకు 10 గ్రాముల లవణాలు గల నీటిలో రోజుల తరబడి బ్రతకగలదని మెక్సికోలోని గ్రిహాల్వా నదీ ప్రాంతపు చేపలపై జరిగిన ప్రయోగాలలో తేలినది. డెల్టా చివరి భూములలోని ఉప్పు కలిసిన కాలువలు దీనికి అడ్డుగోడలు కావు. చలి మాత్రం దీనికి హద్దు: నీటి ఉష్ణోగ్రత దాదాపు 10 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతే బ్రతకడం కష్టం. తెలుగు ప్రాంతపు మైదానాలలో ఆ పరిస్థితి ఏర్పడదు.

4.4 ప్రత్యుత్పత్తి, బొరియలు: ఈ చేప గట్టు వాలులో, నీటి మట్టానికి దిగువన, లోనికి ఏటవాలుగా దిగే బొరియను తవ్వుతుంది. దాని పొడవు సాధారణంగా ఒక మీటరు ప్రాంతంలో ఉంటుంది. కొన్ని అంతకు మించుతాయి. ఆడచేప అందులో గుడ్లు పెట్టగా మగచేప లోపలే ఉండి కాపలా కాస్తుంది. ఇసుక నేలలో బొరియ కూలిపోతుంది గనుక బంకమన్ను గల గట్లను ఎంచుకొంటుంది. అనువైన గట్టు దొరికిన చోట అనేక బొరియలు పక్కపక్కనే గుంపుగా ఏర్పడతాయి.

మన పెంపుడు చేపలతో పోల్చినప్పుడు ఈ విధానపు ప్రాధాన్యం స్పష్టమవుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఆడచేపలు కిలో బరువుకు లక్షకు పైగా చిన్న గుడ్లను విడుదల చేసి, వాటిని నీటికి వదలివేస్తాయి. నిలువ నీటి చెరువులో అవి సహజంగా గుడ్లు పెట్టవు. ప్రవహించే వరద నీరో, హార్మోను ఇంజక్షనో కావాలి. సక్కర్ చేప గుడ్లు వందల నుంచి కొన్ని వేలకు మించవు. అయితే అవి పరిమాణంలో పెద్దవి, బొరియలో భద్రంగా తండ్రి కాపలాలో ఉంటాయి. పిల్లలు బ్రతికే అవకాశం హెచ్చు. నిలువ నీటిలోనే సంతతి పెరుగుతుంది. చెరువులోనికి చేరిన కొద్దిపాటి చేపలు, బయటి నుంచి మరల ఏ చేరిక లేకపోయినా, స్థిరమైన సంతతిగా మారడానికి కారణం ఇదే.

సొంత నదులలో ప్రత్యుత్పత్తి వరద రాకతో ముడిపడి ఉంటుంది. నీటి మట్టం, ఉష్ణోగ్రత ఎక్కువ కాలం అనుకూలంగా ఉండే కొత్త ప్రాంతాలలో గుడ్లు పెట్టే కాలం పొడిగింపబడుతుంది.

5. కొత్త ఆవాసాలలో అనుభవాలు

అక్వేరియం గాజు గోడలపై నాచును శుభ్రం చేసే చేపగా దీనిని దేశదేశాలకు అమ్మారు. వేలెడంత పిల్లగా కొన్న చేప దాదాపు అర మీటరు వరకు పెరుగుతుందని కొన్నవారు ఎరుగరు. పెరిగి పెద్దదైన చేపను చంపడానికి మనసొప్పక సమీపపు చెరువులోనో, కాలువలోనో వదలినారు. అలంకార చేపల పెంపక కేంద్రాల నుంచి వరదలలో తప్పించుకొన్నవి మరికొన్ని.

మెక్సికోలో బాల్సాస్ నదిపైనున్న ఇన్ఫియెర్నిల్లో జలాశయం ఒకప్పుడు తిలాపియా చేపల దిగుబడికి ప్రసిద్ధి. ఈ చేప అక్కడ ప్రబలిన తరువాత జాలర్ల వలలలో తిలాపియాకు మారుగా ఇదే నిండి, వలలు చిరిగి, వారి జీవనోపాధి దెబ్బతిన్నది. అక్కడివారు దీనిని 'పేస్ దియాబ్లో', అనగా దెయ్యం చేప అని పిలిచారు. రెండు ఖండాల జాలర్లు ఒకే పేరు పెట్టడం యాదృచ్ఛికం కావచ్చు, కష్టం మాత్రం ఒక్కటే. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కాలువల, సరస్సుల గట్లపై గుంపులుగా ఏర్పడిన బొరియల వలన గట్టు కోతకు గురవుతున్న తీరును శాస్త్రజ్ఞులు వివరించారు.

భారతదేశంలో కేరళ జలాలలోను, తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలలోను దీని ఉనికి లోగడనే నమోదైనది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు, నీటిలో కరిగి ఉన్న డి.ఎన్.ఎ. ఆనవాళ్ళ ఆధారంగా ఈ చేపను గుర్తించే పరీక్షను రూపొందించి, తూర్పు కనుమల ప్రాంతపు జలాశయాలలో దాని వ్యాప్తిని కనుగొన్నారు. వలకు చిక్కక ముందే చేప ఉనికిని తెలుసుకొనే ఈ పద్ధతి నిఘాకు ఎంతో ఉపయోగకరం. పొరుగుదేశమైన బంగ్లాదేశ్ 2023లో ఈ చేపను నిషేధించినది.

6. మన చెరువులు దీనికి ఎందుకు అనువైనవి

ఎరువులు, తవుడు వేసి పెంచే చేపల చెరువులో నీరు ఆకుపచ్చగా, పోషకాలతో నిండి ఉంటుంది. తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గిపోవడం రైతులందరికీ తెలిసిన విషయమే. అడుగున మడ్డి ఏటేటా పేరుకొంటుంది. డెల్టా చెరువుల గట్లు బరువైన నల్ల బంకమట్టితో వేసినవి. సేద్యపు చెరువులు వానాకాలంలో నిండి వేసవిలో అడుగంటుతాయి. అమెజాన్ వరద మైదానంలోని మడుగుకు, మన చెరువుకు మధ్య దూరం భూగోళంపై ఎంత ఉన్నా, ఈ చేప దృష్టిలో లేదనే చెప్పాలి. పైగా ఇక్కడ దానిని వేటాడే మొసళ్ళు లేవు, ఇష్టపడి తినే వినియోగదారులు లేరు. ఏ లక్షణం ఎక్కడ ఏ ఫలితాన్నిస్తున్నదో పట్టిక 1లో పొందుపరచడమైనది.

పట్టిక 1. సక్కర్ చేప జీవ లక్షణాలు, వాటి పర్యవసానాలు

| లక్షణం | సహజ ఆవాసంలో ప్రయోజనం | మన చెరువులలో పర్యవసానం |
|---|---|---|
| ఎముక పలకలు, ముళ్ళు | వేటాడే జంతువుల నుంచి రక్షణ | వలలు చిరుగుట, పక్షులకు ప్రమాదం, భాస్వరం కవచంలో చిక్కుట |
| నాచు, మడ్డి ఆహారం | అన్ని ఋతువులలో ఆహార లభ్యత | సహజాహారానికి, అడుగు మేతకు పోటీ |
| గాలి శ్వాస | ఎండే మడుగులలో బ్రతుకు | చెరువు ఎండగట్టినా పూర్తిగా నశించకపోవుట |
| బొరియలు | గుడ్లకు భద్రత | గట్టు బలహీనపడుట |
| తండ్రి కాపలా | పిల్లలు హెచ్చుగా బ్రతుకుట | కొద్ది చేపలతోనే సంతతి స్థిరపడుట |

7. వ్యవసాయ, ఆక్వా రంగాలపై ప్రభావం

7.1 గట్ల భద్రత: మట్టి గట్టు గుండా నీరు కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. ఆ నీరు ప్రయాణించే దారి ఎంత పొడవైతే గట్టు అంత సురక్షితం. నీటి వైపు వాలు నుంచి లోనికి తవ్విన ఒక మీటరు బొరియ ఆ దారిని ఆ మేరకు కుదిస్తుంది. గట్టు అవతలి వైపు నుంచి ఎలుక బొక్క దానికి ఎదురైతే నీటికి దాదాపు సూటిదారి ఏర్పడుతుంది. మధ్యలో మిగిలిన మట్టి కొట్టుకుపోతే గండి పడే ప్రమాదం ఉంటుంది. రెండు చేపల చెరువుల మధ్యనుండే సన్నని గట్లకు ఈ ప్రమాదం అధికం. నీటి మట్టం తరచుగా పెరిగి తగ్గే చోట బొరియల పైకప్పు కూలి, వాలు మెట్లుమెట్లుగా జారుతుంది. జారిన మట్టి చెరువులోనే పూడికగా చేరుతుంది.

7.2 చేపల సాగు: ఇది శీలావతిని తినకపోయినా, శీలావతి తినవలసినదానిలో భాగం తీసుకొంటుంది. నీటిలోని వస్తువులపై పెరిగే నాచు పొర శీలావతికి, అడుగు మడ్డి ఎర్రమోసుకు సహజాహారం. సంచులలో కట్టిన తవుడు నుంచి జారి అడుగున పడినది కూడా సక్కర్ చేపకు అందుబాటులో ఉంటుంది. పట్టుబడి రోజున ఇది లాగుడు వలలో చిక్కుకొని నూలును తెంపుతుంది. పక్కనున్న చేపల చర్మాన్ని గీరి వాటి ధరను తగ్గిస్తుంది. వేరుచేయడానికి కూలి ఖర్చు పెరుగుతుంది. ఒక్కొక్కటి చిన్న నష్టమే గాని, లాభం స్వల్పంగా ఉండే సాగులో వీటి మొత్తం చిన్నది కాదు.

7.3 భాస్వరం: సస్యశాస్త్రజ్ఞులు ఎక్కువగా గమనింపదగినది ఈ అంశం. ఎముకలో ప్రధాన పదార్థం కాల్షియం ఫాస్ఫేట్. శరీరమంతా ఎముక పలకలతో కప్పుకొన్న చేప తన పెరుగుదలకు ఇతర చేపలకంటే హెచ్చు భాస్వరాన్ని తీసుకొని, జీవితకాలమంతా తనలోనే నిలువ చేసుకొంటుంది. మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రంలో చకమాక్స్ నదిపై జరిగిన అధ్యయనాలలో, ఈ చేపలు నదిలోని భాస్వరాన్ని పెద్దయెత్తున తమ శరీరాలలో బంధించి ఉంచుతున్నాయనీ, అవి గుంపుగా చేరిన చోట్ల మాత్రం విసర్జనల ద్వారా నీటిలో పోషకాలు పెరుగుతున్నాయనీ వెల్లడైనది. మన చేపల రైతు ప్లవకాల వృద్ధికై సూపర్ ఫాస్ఫేట్‌ను డబ్బుపెట్టి కొని చెరువుకు వేస్తున్నాడు. అందులో ఒక భాగం అమ్ముడుపోని చేప కవచంగా మారడమంటే, ఎరువు కలుపు మొక్కకు చేరడంతో సమానమే.

8. యాజమాన్య సూచనలు

ఒకసారి నదిలోను, పెద్ద జలాశయంలోను స్థిరపడిన తరువాత దీనిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. చేపల చెరువు, చిన్న కుంట స్థాయిలో మాత్రం నియంత్రణ సాధ్యమే. విస్తరణ కార్యక్రమాలలో కింది అంశాలకు ప్రాధాన్యమివ్వడం అవసరం.

1. వేసవి తనిఖీ: నీరు తగ్గిన ఏప్రిల్, మే నెలలలోనే బొరియల నోళ్ళు పైకి కనిపిస్తాయి. నైరుతి ఋతుపవనాల వానలకు చెరువు నిండితే మరల సంవత్సరం వరకు వాటిని చూడలేము. చెరువు చుట్టూ గట్టు వెంబడి నడచి, ప్రతి బొరియ వద్ద కర్ర పాతి గుర్తించాలి. పూడికతీత పనులు జరిగే చెరువులలో ఈ తనిఖీని ఆ పనులతో కలిపి చేయవచ్చు.

2. బొరియలను త్రవ్వి మూయుట: నోటిపై మట్టి కప్పినంత మాత్రాన చాలదు, లోపలి చేప తడి మట్టిలో బ్రతికి ఉండవచ్చు. బొరియను చివరి వరకు తవ్వి, చేపలను, గుడ్లను తీసివేసి, అదే రకపు బంకమట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయాలి.

3. చెరువు ఎండగట్టుట: అడుగు నెర్రెలు విచ్చేవరకు ఎండగట్టి, దున్ని, తరువాతనే నీరు పెట్టాలి. మూలల్లో, తూము గోతిలో తడి మిగలకుండా చూడాలి. కలుపు చేపల నిర్మూలనకు హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతు నీటికి 2,500 కిలోల చొప్పున ఇప్పపిండి వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. అయితే మందు కలిసిన నీరు బొరియల లోపలి వరకు సమంగా చేరుతుందని ఆశించరాదు. కనుక బొరియలను మూసిన తరువాతనే ఇప్పపిండి వేయాలి, మూయక ముందు కాదు.

4. నీటి, విత్తనపు దారులు: కాలువ నుంచి నీరు పెట్టే తూముకు సన్నని కన్నుల వల బిగించాలి. కొన్న చేపపిల్లలను చెరువులో వదిలే ముందు తెల్లని తొట్టిలో పోసి పరిశీలించాలి. చూషక ముఖం గల చిన్న పిల్ల తొట్టి గోడకు అతుక్కొని సులభంగా కనిపిస్తుంది. ఒక చెరువులో వాడిన వలలను ఆరబెట్టి, దులిపిన తరువాతనే మరొక చెరువుకు తీసుకుపోవాలి.

5. పట్టిన చేపలను మరల వదలరాదు: కాలువలోనికి విసిరిన చేప దిగువ రైతు చెరువుకు చేరుతుంది. గట్టుపై పారవేసిన చేప వాన తడికి పాకి నీటిని చేరవచ్చు. తలపై బలంగా కొట్టి చంపిన తరువాత గట్టుకు దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి, లేదా పంట వ్యర్థాలతో కలిపి లోతైన కంపోస్టు గోతిలో వేయాలి. ఎముకలోని భాస్వరం ఆ విధంగా కొంతవరకైనా నేలకు తిరిగి చేరుతుంది. చేపల పిండిగా, సైలేజీగా మార్చే ప్రయత్నాలు మెక్సికోలో జరిగినవి. మురుగు నీటి ప్రాంతాలలో పట్టిన చేపలను భార లోహాల పరీక్ష లేకుండా మేతకు వాడరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, వీటికి ధర కట్టడం వీటిని పెంచడానికి ప్రేరణగా మారకూడదు.

6. అక్వేరియం యజమానులకు అవగాహన: సమస్య మూలం అక్కడే ఉన్నది. పెరిగిన చేపను వదలివేయడం దయ కాదని పాఠశాలలలో, దుకాణాలలో తెలియజేయాలి. అక్కరలేని చేపను దుకాణానికే తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

9. ముగింపు

సక్కర్ చేప క్రూరమైనది కాదు, సహనశీలమైనది. దాని బలం కోరలలో లేదు, గట్టులోని గూడులోను, గాలి పీల్చే జఠరంలోను ఉన్నది. నీటిలో ఉన్నంతకాలం మన వలలు, మందులు దానిని పూర్తిగా అందుకోలేవు. నీరు తీసి, బొరియ బయటపడిన వేసవి వారాలలో మాత్రం అది మన చేతికి అందుతుంది. అమెజాన్ మైదానంలో ఎండకాలాన్ని దాటించే ఆ గూడే ఇక్కడ దానిని పట్టించే గుర్తు కూడా. విస్తరణ శాస్త్రవేత్తలు తమ వేసవి కార్యక్రమ పట్టికలో లోతు దుక్కులు, భూసార పరీక్షల సరసన చెరువు గట్టు తనిఖీని కూడా చేర్చినట్లయితే, చేపల రైతుకు, ఆయకట్టు రైతుకు ఒకే పనితో మేలు జరుగుతుంది. విద్యార్థులు తమ గ్రామ చెరువులలో బొరియల సంఖ్య, లోతు, గట్టు మట్టి స్వభావం, నీటి మట్టం ఈ నాలుగు అంశాలను ఏటా ఒకే వారంలో నమోదు చేయగలిగితే, ఈ చేప మన నేలల్లో ఎటువంటి గట్టును ఎంచుకొంటున్నదో తేటపడి, గట్ల రూపకల్పనకు స్థానిక ఆధారం లభిస్తుంది.